చీర రంగు చెదరకుండా ఉత్తరం: థండర్‌బర్డ్‌లో మా సంఘం కబురు

జులై 4

పోచంపల్లి దగ్గర మా చేనేత సంఘం నుంచి పాత కొనుగోలుదార్లకు నెలకొక ఈమెయిల్ కబురు పంపాలని కమిటీ తీర్మానించింది. ఆ పని నా చేతికొచ్చింది. కొత్త చీరల ఫొటోలు, ఒక్కో చీర గురించి రెండు మూడు వాక్యాలు, చివర ధరల పట్టిక ఉండాలి. మొదటి కబురు ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాడు వెళ్లాలి. 1905లో కలకత్తా టౌన్‌హాల్లో స్వదేశీ ఉద్యమం మొదలైన తారీఖు అది. 2015 నుంచి దాన్ని చేనేత రోజుగా జరుపుకుంటున్నాం. శ్రావణం కొనుగోళ్లూ ఆ చుట్టుపక్కలే మొదలవుతాయి.

ఇప్పటిదాకా ఫోన్ గ్రూపుల్లో ఫొటోలు పెడుతూ వచ్చాం. అక్కడ ఫొటో నలిగి చేరుతుంది. ధర ఎక్కడో కింద విడిగా పడుతుంది. నెల తర్వాత "ఆ నీలం చీర ఉందా" అని అడిగితే ఏ నీలమో వెతుక్కోవాలి. ఉత్తరంలోనైతే బొమ్మ, మాట, ధర ఒక్కచోట ఉంటాయి. బెంగళూరు దుకాణం వాళ్లకూ, అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లకూ ఒకే ఉత్తరం సరిపోతుంది.

ఈమెయిల్ రాసి పంపే ప్రోగ్రాముగా థండర్‌బర్డ్ ఎంచుకున్నాను. 2004 డిసెంబరులో 1.0 వచ్చింది, ఇప్పటికీ ఉచితం. నెట్ లేనప్పుడు కూడా కూర్చుని రాసుకోవచ్చు, పంపేటప్పుడు నెట్ ఉంటే చాలు. మా ఆఫీసులో కరెంటు ఉన్నప్పుడు నెట్ ఉండదు, నెట్ ఉన్నప్పుడు మనిషి ఉండడు. అందుకే ఈ వెసులుబాటు మాకు పెద్దది.

ఈ పనికి ఒక నియమం రాసి గోడకు అంటించాను. బొమ్మ ఒక్కటీ కనబడకపోయినా ఉత్తరం చదివితే విషయం తెలియాలి. కనబడినప్పుడు మాత్రం మగ్గం మీదున్న రంగే కనబడాలి.

జులై 6

ముందుగా సెట్టింగులు. అకౌంట్ సెట్టింగ్స్‌లో "కంపోజిషన్ అండ్ అడ్రెసింగ్" కింద హెచ్‌టీఎంఎల్‌లో, అంటే అలంకరణతో రాసే పద్ధతిలో, రాసే గడికి టిక్ ఉందో లేదో చూసుకోవాలి. అది లేకపోతే రాసే కిటికీలో బోల్డ్, బొమ్మ, పట్టిక బటన్ల వరుసే కనబడదు. ఒక్క ఉత్తరానికి మాత్రం పద్ధతి మార్చాలంటే షిఫ్ట్ నొక్కిపట్టి కొత్త ఉత్తరం బటన్ నొక్కితే చాలు. హెచ్‌టీఎంఎల్ అలవాటున్నవాళ్లకు సాదా కిటికీ, సాదా అలవాటున్నవాళ్లకు హెచ్‌టీఎంఎల్ కిటికీ తెరుచుకుంటుంది.

రెండోది, "యూజ్ రీడర్స్ డిఫాల్ట్ కలర్స్" అన్నదాన్ని ఆన్‌లో ఉంచాను. రాసేవాళ్లు తెల్ల నేల, నల్ల అక్షరం అని బిగించి పంపితే ఫోన్‌లో చీకటి తెర పెట్టుకున్నవాళ్లకు ఇబ్బంది. వాళ్ల తెర ఏ రంగులో ఉంటే మన మాటలు ఆ రంగులో ఒదగడమే మంచిది.

మూడోది పేరా పద్ధతి. ఎడమవైపు చిన్న జాబితాలో "బాడీ టెక్స్ట్" అని ఉంటే ఎంటర్ కొట్టినప్పుడు వరుస మారుతుంది, అంతే. "పారాగ్రాఫ్" ఉంటే నిజంగా కొత్త పేరా మొదలవుతుంది, మధ్యలో ఖాళీ దానంతటదే వస్తుంది. అదే జాబితాలో శీర్షికల స్థాయిలు కూడా ఉన్నాయి. చీర పేరును అక్షరం లావు చేసి శీర్షికలా చూపించొద్దు, శీర్షికగానే గుర్తించాలి. కళ్లు కనబడనివాళ్లు తెర చదివే ప్రోగ్రాముతో ఉత్తరం వింటున్నప్పుడు ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు దూకగలుగుతారు. లావు అక్షరంతో వాళ్లకు ఆ వీలుండదు.

జులై 10

ఫొటోల రోజు. ఈ పనిలో సగం శ్రమ ఇక్కడే ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఈ రోజుల్లో ఫోన్ ఫొటో సుమారు 4000 పిక్సెళ్ల వెడల్పు, 4 ఎంబీ బరువు. అలాంటివి ఆరు పెడితే 24 ఎంబీ. అది కూడా అలాగే వెళ్లదు. ఈమెయిల్ ఫొటోని అక్షరాలుగా మార్చి మోస్తుంది. బేస్64 అనే ఆ పద్ధతిలో ప్రతి 3 బైట్లకు 4 అక్షరాలు పడతాయి, అంటే బరువు మూడో వంతు పెరుగుతుంది. 24 కాస్తా 32 దాటుతుంది. జీమెయిల్ పంపనిచ్చేది 25 వరకే.

థండర్‌బర్డ్‌లో బొమ్మ మూల పట్టుకుని లాగితే చిన్నదవుతుంది. చూపు వరకే చిన్నది. ఫైలు అదే, బరువు అదే. పల్లెలో డేటా మిగుల్చుకుంటూ ఫోన్‌లో తెరిచేవాళ్లకు ఆ 4 ఎంబీ మొత్తం దిగాల్సిందే. అందుకని బొమ్మని ముందే బయట తగ్గించి ఆ తర్వాతే ఉత్తరంలో పెట్టాలి. ఫొటోలు సరిచేసే గింప్ అనే ప్రోగ్రాము వాడాను, అదీ ఉచితమే. వెడల్పు 1200 పిక్సెళ్లకు తెచ్చాను. ఉత్తరంలో 600 వెడల్పుతో చూపిస్తాను. సన్నటి తెరలున్న కొత్త ఫోన్లలో పోగులు స్పష్టంగా కనబడాలంటే ఈ రెట్టింపు కావాలి.

నేత బట్టకు ఇంకో చిక్కుంది. పడుగూ పేకా దగ్గర దగ్గరగా ఉన్న గుడ్డను ఒక్కసారిగా చిన్నది చేస్తే, బట్టలో లేని అలలు బొమ్మలో పుడతాయి. కొన్నవాళ్లు అది డిజైనే అనుకునే ప్రమాదం ఉంది. తగ్గించే ముందు బొమ్మను మసకబరిచే గాసియన్ బ్లర్ కాస్త, అంటే ఒక పిక్సెల్ లోపు, వేస్తే ఆ అలలు పోతాయి. ఫొటోలోనే అలలుంటే ఒక అడుగు వెనక్కి జరిగి, కోణం కొంచెం మార్చి మళ్లీ తీయడం తప్ప మందు లేదు.

జులై 11

తగ్గించిన ఫొటోలను సంఘంలోని పెద్ద నేతగానికి చూపించాను. నలభై ఏళ్లుగా రంగులద్దుతున్న చేయి ఆయనది. తెర మీదికి వంగి చూసి, "గిది మన ఎరుపు గాదు బిడ్డా. గిది ఇటుక రంగున్నది. అంచుకాడ నలుపుల ఎరుపు కారినట్టున్నది, సూడు" అన్నాడు.

ఆయన చెప్పినవి రెండు వేర్వేరు సంగతులు. రెండింటికీ కారణం ఉంది, మందూ ఉంది.

ఇటుక రంగు సంగతి ముందు. ఆ చీర ఫొటో ఐఫోన్‌తో తీసింది. ఆ ఫోన్లు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఫొటో దాస్తాయి, ఆ విషయం చెప్పే చీటీ ఫైల్లోనే ఉంటుంది. దారిలో ఆ చీటీ ఊడితే, చూపించే ప్రోగ్రాము అదే అంకెల్ని ఎస్ఆర్‌జీబీ అనే మామూలు, చిన్న పరిధి అంకెలుగా చదువుతుంది, రంగు చప్పబడుతుంది. గింప్‌లో ఇమేజ్ మెనూలో కలర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఎస్ఆర్‌జీబీకి మార్చాను. అంకెలే సరిగ్గా మారిపోయాయి కాబట్టి ఇప్పుడు చీటీ ఉన్నా లేకున్నా ఒకటే.

రంగు కారడం ఫొటోను కుదించి దాచే జేపీఈజీ పద్ధతి పని. ఆ పద్ధతి ప్రతి చుక్కకూ వెలుతురు విడిగా రాసుకుంటుంది గానీ, రంగును మాత్రం మామూలుగా నాలుగు చుక్కలకు కలిపి ఒక్కటే రాస్తుంది. మనిషి ముఖానికీ ఆకాశానికీ అది తెలియదు. ఎరుపు, నలుపు, తెలుపు పక్కపక్కన పడే మన బట్టకు వెంటనే తెలుస్తుంది. చిటికి నేతలో అంచులు ముందే మెత్తగా ఉంటాయి. దారాలకు కట్లు కట్టి రంగులో ముంచుతాం, ఆ కట్టు కింద రంగు కొద్దిగా పాకుతుంది. ఆ పాకుడే మా బట్ట గుర్తు. దాని మీద ఫైలు చేసిన పాకుడు కూడా కలిస్తే నేత ఏదో చెడుపు ఏదో తెలియదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో సబ్‌శాంప్లింగ్‌ని, అంటే ఈ రంగులు కలిపే లెక్కని, 4:4:4కు మారిస్తే ప్రతి చుక్కకూ దాని రంగు దానికే ఉంటుంది. నాణ్యత 85 దగ్గర పెట్టాను. ఫైలు కొంచెం బరువెక్కుతుంది. ఆ బరువు మోయడం న్యాయమే.

మళ్లీ చూపిస్తే ఆయన చీరను తెర పక్కన పట్టుకుని చాలాసేపు పోల్చాడు. "గిప్పుడు పంపు" అన్నాడు.

అదే కిటికీలో ఎగ్జిఫ్ వివరాలకు, అంటే ఫొటో ఫైల్లో దాగుండే సమాచారానికి, ఉన్న టిక్ తీసేశాను. ఫోన్ ఫొటోలో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉండొచ్చు. మా మగ్గాలన్నీ ఇళ్లలోనే. నేతగాళ్ల ఇళ్ల చిరునామాలు వాళ్లకు తెలియకుండా లోకానికి పంచే హక్కు నాకు లేదు. పక్కకు తిరిగిన ఫొటోలను కూడా ఇక్కడే నిజంగా తిప్పి దాచాలి. తిప్పమని చెప్పే సూచన ఉండేది ఎగ్జిఫ్‌లోనే కాబట్టి దాన్ని తీసేశాక బొమ్మ పడుకుంటుంది.

ఐఫోన్ హీక్ ఫైళ్లను జేపీఈజీకి మార్చడం కూడా ఈ దశలోనే. చాలా మెయిల్ ప్రోగ్రాములు హీక్‌ని ఉత్తరం మధ్యలో చూపించవు.

జులై 15

బొమ్మ పెట్టడం. ఫైలును లాక్కొచ్చి రాసే కిటికీ మీద వదలబోతే థండర్‌బర్డ్ రెండు చోట్లు చూపిస్తుంది, ఒకటి జోడింపుగా, ఒకటి ఉత్తరం మధ్యలో. తొందరకు అది బాగుంటుంది. నేను మాత్రం ఇన్సర్ట్ మెనూలో ఇమేజ్ నొక్కి, వచ్చే పెట్టెలో అన్నీ నింపే పద్ధతికే కట్టుబడ్డాను. ఎందుకంటే ఆ పెట్టె ప్రత్యామ్నాయ పాఠం అడుగుతుంది. బొమ్మ కనబడనప్పుడు దాని స్థానంలో కనబడే, వినబడే మాట అది. గోడ మీది నియమానికి ప్రాణం ఇదే.

"చీర ఫొటో" అని రాస్తే ఏమీ రాయనట్టే. నేను ఇలా రాస్తున్నాను: "9వ నంబరు. బాడీ ముదురు ఎరుపు, అంచు నలుపు, కొంగులో తెల్ల ఏనుగుల వరుస." చదివినవాళ్లు ఆ చీరను అడగగలగాలి, అంతవరకు రాస్తే చాలు. కేవలం అలంకారంగా పెట్టిన గీతల బొమ్మకైతే ప్రత్యామ్నాయ పాఠం వద్దు అనే ఎంపిక అక్కడే ఉంది.

"అటాచ్ దిస్ ఇమేజ్ టు ది మెసేజ్" అన్న టిక్ ఉండాల్సిందే. అది తీసేసి ఏదో వెబ్ చిరునామా ఇస్తే బొమ్మ ఉత్తరంతో వెళ్లదు, చదివేవాళ్లు తెరిచినప్పుడు బయటి నుంచి రావాలి. థండర్‌బర్డే అలాంటి బయటి బొమ్మల్ని అడగనిదే చూపించదు. ఎవరు ఎప్పుడు తెరిచారో కనిపెట్టడానికి కొందరు ఆ దారి వాడతారు కాబట్టి ఆపడం సబబే. మా బొమ్మ మా ఉత్తరంతోనే వెళ్లాలి.

డైమెన్షన్స్ ట్యాబ్‌లో కస్టమ్ సైజ్, వెడల్పు 600, కన్‌స్ట్రెయిన్ టిక్. ఎత్తు దానంతటదే సరిపోతుంది.

జులై 19

తెలుగు అక్షరాల సంగతి.

తెలుగును ఇటాలిక్ చేయొద్దు. మన లిపికి వాలు అక్షరాల సంప్రదాయం లేదు. చాలా ఫాంట్లలో ఆ రూపమే ఉండదు. ప్రోగ్రాము నిటారు అక్షరాన్ని పక్కకు నెట్టి చూపిస్తుంది, గుండ్రటి తలకట్టు తూలుతున్నట్టు ఉంటుంది. కింద గీత ఇంకా చేటు. ఒత్తుల్ని అడ్డంగా కోస్తుంది, "స్త్రీ"లాంటి మాట గుర్తుపట్టలేం. బోల్డ్ పర్వాలేదు. విండోస్‌లో గౌతమికీ నిర్మలా యూఐకీ నిజమైన లావు రూపం ఉంది. మండలిలాంటి ఫాంటులో ఒకే మందం ఉంటుంది, అక్కడ ప్రోగ్రాము కల్పించిన లావే కనబడుతుంది. చీర పేరుకూ ధరకూ తప్ప బోల్డ్ ఎక్కడా వాడలేదు.

ఫాంటు పేరు ఏదీ ఎంచలేదు. జాబితాలో "వేరియబుల్ విడ్త్" దగ్గరే వదిలేశాను. ఉత్తరంతో పాటు ఫాంటు వెళ్లదు. నా కంప్యూటర్లో రామభద్ర ఎంత అందంగా ఉన్నా అవతలి వాళ్ల దగ్గర లేకపోతే వాళ్ల ఫాంటే కనబడుతుంది. ఫలానా ఫాంటే కావాలని మాటల్ని బొమ్మగా చేసి పంపేవాళ్లున్నారు. అలా చేస్తే వెతికితే దొరకవు, వినబడవు, ఫోన్‌లో పెద్దవి కావు. పేరున్న ముద్ర ఒక్కటి తప్ప మాటలన్నీ మాటలుగానే ఉంచాను.

వరుసల మధ్య ఎడం మాత్రం కావాలి. పైవరుస ఒత్తులు కిందివరుస గుడుల్ని తాకుతుంటాయి. దానికి బటన్ లేదు. ఇన్సర్ట్ మెనూలో హెచ్‌టీఎంఎల్ తెరిచి, మొత్తం ఉత్తరాన్ని చుట్టే డివ్ అనే ఒక గుర్తు పెట్టి, దాని స్టైల్లో లైన్-హైట్ 1.6 అని రాశాను. ఇంగ్లిష్‌కు ఎక్కువనిపించే ఎడం తెలుగుకు సరిగ్గా సరిపోతుంది.

పాత కరపత్రంలోని వాక్యాలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. అక్కడి నుంచి కాపీ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి, అవి యూనికోడ్ కావు కాబట్టి. మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌కు తెచ్చి, ఒత్తులు ఒక్కొక్కటీ చూసుకుని, కంట్రోల్+షిఫ్ట్+వీ తో అతికించాను. అలా అతికిస్తే పాత ఫైలు రంగులూ సైజులూ వెంట రావు, మాట ఒక్కటే వస్తుంది.

ధరల పట్టిక మూడు నిలువు వరుసలే: నంబరు, రకం, ధర. అంతకు మించితే ఫోన్‌లో పక్కకు జరిపి చూడాలి. బొమ్మ పక్కన మాట పెట్టే ఆలోచన కూడా అందుకే మానేశాను. బొమ్మ, దాని కింద మాట, ఆ కింద మరో బొమ్మ.

జులై 23

నాకే ఒక ప్రతి పంపుకుని కంట్రోల్+యూ నొక్కి లోపలి రూపం చూశాను. ఈ పని చేసే ప్రతివాళ్లూ ఒక్కసారైనా చూడాలని నా అభిప్రాయం.

ఒక ఉత్తరంలో రెండు ఉత్తరాలు కనబడతాయి. మొదటిది సాదా మాటలది. రెండోది అలంకరించినది, దాని వెనకే వరుసగా బొమ్మలు, బొమ్మకొక గుర్తింపు సంఖ్య. అలంకరించిన ఉత్తరంలో బొమ్మ రావాల్సిన చోట "సీఐడీ" అని మొదలై ఆ సంఖ్యే ఉంటుంది. బొమ్మ బయటి నుంచి రావక్కర్లేదని ఆ ఒక్క వరుస చెబుతుంది. వీటిని కలిపి కట్టే పద్ధతికి మైమ్ అని పేరు. నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ 1992 జూన్‌లో దాన్ని ప్రకటించారు. అంతకు ముందే మార్చిలో బోరెన్‌స్టీన్ తాను పాడే నలుగురి బృందం ఫొటోనూ పాటనూ ఉత్తరంలో పెట్టి పంపాడు. ఒక పాటగాళ్ల ఫొటోతో మొదలైన దారిలో ఇవాళ మా చీర వెళ్తోందంటే నాకు సంతోషంగా ఉంది.

ఒక జాగ్రత్త. పంపే పద్ధతి "ఆటోమేటిక్"లో ఉంటే, అలంకరణ ఏమీ లేదని తోచినప్పుడు థండర్‌బర్డ్ సాదా మాటలే పంపుతుంది. నేను ఆప్షన్స్ మెనూలో హెచ్‌టీఎంఎల్, సాదా రెండూ వెళ్లేలా పెట్టాను. సాదా ప్రతిలో బొమ్మ ఉన్నచోట నేను రాసిన ప్రత్యామ్నాయ పాఠం వచ్చింది. బోల్డ్ మాటలకు అటూ ఇటూ నక్షత్రాలు పడ్డాయి. వ్యూ మెనూలో మెసేజ్ బాడీ యాజ్, ప్లెయిన్ టెక్స్ట్ ఎంచుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. చీరలన్నీ తెలిశాయి.

జులై 28

పరీక్షలు. ఒకే ఉత్తరాన్ని వెబ్ మెయిల్లో, ఫోన్‌లో, సంఘం లెక్కలు చూసేవాళ్ల విండోస్ ఔట్‌లుక్‌లో తెరిచి చూశాం. విండోస్‌లోని పాత తరహా ఔట్‌లుక్ 2007 నుంచి ఉత్తరాన్ని వర్డ్ ఇంజిన్‌తో చూపిస్తుంది. స్టైల్లో రాసే గరిష్ఠ వెడల్పును అది లెక్కలోకి తీసుకోదు, బొమ్మకు విడిగా రాసిన వెడల్పు అంకెను చూస్తుంది. డైమెన్షన్స్‌లో 600 అని రాసి ఉండటంతో అక్కడా బొమ్మ సరిగ్గా కూర్చుంది.

సంఘం ముద్ర పీఎన్‌జీలో ఉంది, నేల పారదర్శకం, అక్షరాలు నలుపు. చీకటి తెరలో నలుపు మీద నలుపు. ముద్ర వెనక తెల్ల నేల నింపి మళ్లీ దాచాను.

జీమెయిల్ సుమారు 102 కేబీ దాటిన ఉత్తరాన్ని మధ్యలో కత్తిరించి, మిగతాది నొక్కితే చూపిస్తుంది. బొమ్మలు ఆ లెక్కలోకి రావు, మాటలే. ఒక్కో తెలుగు గుర్తుకు యూటీఎఫ్-8లో 3 బైట్లు కాబట్టి మనం ఇంగ్లిష్ వాళ్లకంటే తొందరగా ఆ గీత దగ్గరికి చేరతాం. మాది చాలా లోపలే ఉంది. ఆరు బొమ్మలతో మొత్తం బరువు 2 ఎంబీ లోపు.

ఆగస్టు 3

ఫైల్ మెనూలో సేవ్ యాజ్, టెంప్లేట్. వచ్చే నెల టెంప్లేట్ల ఫోల్డర్లో దాన్ని తెరిస్తే కొత్త ఉత్తరం సిద్ధంగా వస్తుంది, పాతది చెక్కుచెదరదు. బొమ్మ మార్చాలంటే దాని మీద రెండుసార్లు నొక్కి కొత్త ఫైలు ఎంచుకుని, ప్రత్యామ్నాయ పాఠం తప్పనిసరిగా మార్చాలి. ఈ మాటను ఎర్ర సిరాతో నోట్‌బుక్కులో రాసిపెట్టాను, నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం.

చిరునామాలన్నీ బీసీసీలో. ఒక కొనుగోలుదారు చిరునామా ఇంకొకరికి కనబడకూడదు. ఒప్పుకున్నవాళ్లకే పంపుతున్నాం. వద్దనుకుంటే ఒక్క మాట జవాబు రాయమని చివర్లో స్పష్టంగా పెట్టాం.

ఆగస్టు 8

నిన్న పొద్దున్నే వెళ్లింది. ఒక్కసారే అందరికీ పంపకుండా చిన్న గుంపులుగా పంపాను, చెత్త ఉత్తరాల్లో పడకుండా.

జవాబులు వస్తున్నాయి. ఆఫీసు కంప్యూటర్లో బొమ్మలు ఆపేసి ఉంటాయని రాసిన ఒకామె, ఏనుగుల కొంగున్న 9వ నంబరు తన కోసం తీసి ఉంచమంది. ఇంకొకరు ఎరుపు ఫొటోలోలాగే ఉంటుందా అని అడిగారు. పెద్దాయన సరిచూసిన రంగని జవాబు రాశాను.

వచ్చే కబురులో పుట్టపాక తేలియా రుమాళ్లు పెట్టాలి. 2020లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అవీ ఎరుపు, నలుపు, తెలుపే కాబట్టి 4:4:4 అలాగే ఉంటుంది. తేలాల్సింది చీర కొంగుల సంగతి. కొంగు పూర్తి పొడవు 600 వెడల్పులో ఇరికిస్తే బొమ్మలు చీమలంత అవుతాయి. దాన్ని రెండు ముక్కలుగా, ఒకటి మొత్తంగా, ఒకటి దగ్గరగా తీసి ఒకదాని కింద ఒకటి పెట్టి చూడాలి. సోమవారం వెలుతురు బాగుంటే నీడ పట్టున ఫొటోలు తీస్తాం.